హుద్‌హుద్ తేదీతో పట్టుకోండి: డేటా మ్యాచింగ్‌లో పుట్టిన తేదీలు కలవకపోతే ఏం చేయాలి

గాజువాక వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు మా దగ్గర రెండు రికార్డులు తేలాయి. పేరు ఒకటే, భర్త పేరు ఒకటే, వీధి కూడా ఒకటే. కంటి క్యాంపులో పరీక్ష చేయించుకున్నవాళ్ళ లిస్టులో ఆవిడ పుట్టిన తేదీ 07-03-1951. ఆపరేషన్ అయినవాళ్ళ లిస్టులో 03-07-1951. రెండు లిస్టులనూ కలిపే సాఫ్ట్‌వేర్ వీళ్ళు వేరువేరు మనుషులని తేల్చేసింది. ఫోన్ నంబరు ఉన్నది క్యాంపు లిస్టులో, ఆపరేషన్ వివరాలు ఉన్నది రెండో లిస్టులో. రెండూ కలవలేదు కాబట్టి చెకప్‌కు పిలవాల్సినవాళ్ళలో ఆవిడ నంబరు ఎక్కలేదు. మూడు వారాలు ఎదురుచూసి, కొడుకును తోడు తీసుకుని ఆవిడే వచ్చింది. "ఫోన్ సేత్తామన్నారు గదమ్మా, సెయ్యనేదు" అంది. కన్ను బాగానే ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది.

విశాఖ ద్వారకానగర్‌లో ఉన్న మా చిన్న ఆఫీసు పని ఇదే. క్యాంపులు పెట్టేవాళ్ళ దగ్గర నుంచి, ల్యాబ్‌ల దగ్గర నుంచి వచ్చిన లిస్టుల్లో ఎవరు ఎవరో పోల్చి కలుపుతాం. పన్నెండేళ్ళుగా చేస్తున్నాను. పేర్లలో తప్పులు ఎక్కువగా ఉంటాయని అందరూ అనుకుంటారు. ఉంటాయి, కానీ వాటిని పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంటుంది. సత్యవతి, సత్యావతి దగ్గరదగ్గర పేర్లేనని దానికి తెలుసు. తేదీ అలా కాదు. తేదీ తప్పయినా చూడ్డానికి సరైన తేదీలాగే ఉంటుంది. అందుకే ఎక్కువ రికార్డులు అక్కడే విడిపోతాయి. నేను ఏ వరసలో వెతుకుతానో ఆ వరసలోనే రాస్తున్నాను.

డబుల్ క్లిక్ చేయకండి

సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడగొట్టిన ఉత్త అక్షరాల ఫైల్) వస్తే దాని మీద డబుల్ క్లిక్ చేసి తెరవకండి. ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజు నేను చెప్పే మాట ఇదే. డబుల్ క్లిక్ చేయగానే ఎక్సెల్ మిమ్మల్ని ఏమీ అడగదు. ఆ కంప్యూటర్‌లో విండోస్ రీజియన్ ఏది పెట్టి ఉందో చూసి, దాని ప్రకారం తేదీలను తనే మార్చుకుంటుంది. రీజియన్ ఇండియా అయితే రోజు ముందు, నెల తర్వాత. యునైటెడ్ స్టేట్స్ అయితే నెల ముందు, రోజు తర్వాత. లాప్‌టాప్ కొన్నప్పటి నుంచీ రీజియన్ మార్చకుండా వాడుతున్నవాళ్ళు చాలామంది ఉంటారు. మన ఫైల్ అలాంటి మెషీన్‌లో ఒక్కసారి తెరుచుకుని, అలవాటుగా సేవ్ నొక్కితే చాలు, అసలు తేదీ పోయినట్టే. దాన్ని మళ్ళీ వెనక్కి తెచ్చే అన్‌డూ ఉండదు.

ముందు వచ్చిన ఫైల్‌కు కాపీ తీసి, అసలు ఫైల్‌ను రీడ్ ఓన్లీ చేసి పక్కన పెట్టండి. కాపీని ఎక్సెల్ డేటా ట్యాబ్‌లోని "ఫ్రం టెక్స్ట్ సీఎస్‌వీ" ద్వారా తీసుకోండి. ప్రివ్యూ విండోలో డేటా టైప్ డిటెక్షన్ అని ఉంటుంది. అక్కడ "డు నాట్ డిటెక్ట్" ఎంచుకోండి. తేదీలన్నీ ఉన్నవి ఉన్నట్టు అక్షరాలుగా వస్తాయి. ఆ తర్వాత ఎక్సెల్‌లోనే డేటాను సరిచేసుకునే పవర్ క్వెరీలో ఆ కాలమ్ టైప్ మార్చేటప్పుడు "యూజింగ్ లొకేల్" తీసుకుని, ఈ ఫైల్ ఏ పద్ధతిలో రాశారో ఆ దేశం చెప్పండి. అప్పుడు నిర్ణయం మనది అవుతుంది, కంప్యూటర్‌ది కాదు.

మిగతా వాటన్నిటికీ మూలం ఈ ఒక్క అలవాటే. తేదీని ఎంతసేపు వీలైతే అంతసేపు అక్షరాలుగానే ఉంచాలి. ఎవరు రాశారో, ఏ వరసలో రాశారో తెలిసిన తర్వాతే తేదీగా మార్చాలి. తెలియకపోతే పంపినవాళ్ళకు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ ఫోన్‌కు రెండు నిమిషాలు పడుతుంది. చేయకపోతే రెండు రోజులు పోతాయి.

నాలుగు ఉత్తరాంధ్ర తేదీలు

పని మొదలుపెట్టే ముందు ప్రతి ఫైల్ కాపీలోనూ మొదట, అసలు తేదీ మనకు ముందే తెలిసిన నాలుగు వరసలు పరీక్ష కోసం నేను చేరుస్తాను. మన జిల్లాల్లో ఉన్నవాళ్ళకు ఈ తేదీలు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు.

శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. దాన్ని 15/08/50 అని రాస్తాను, సంవత్సరం కావాలనే రెండు అంకెల్లో. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న, కాబట్టి 01/06/1979. హుద్‌హుద్ తుపాను వైజాగ్ మీద విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న, అంటే 12/10/2014. అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విశాఖ నుంచి విడిపోయింది 2022 ఏప్రిల్ 4న, 04/04/2022. ఫైల్‌లో మిగతా తేదీలు ఏ పద్ధతిలో ఉంటే ఇవీ అదే పద్ధతిలో రాయాలి. మధ్యలో గీతలుంటే గీతలు, చుక్కలుంటే చుక్కలు.

ఇప్పుడు ఆ ఫైల్‌ను ఎక్సెల్, డేటా శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్, ప్రోగ్రామింగ్ భాష పైథాన్, డేటాబేస్, ఏ దారిలో మ్యాచింగ్ దాకా తీసుకెళ్తారో ఆ దారంతా పోనివ్వండి. చివర ఈ నాలుగూ ఎలా బయటికి వచ్చాయో చూడండి.

హుద్‌హుద్ డిసెంబరు 10న వచ్చిందని చెబితే రోజూ నెలా తారుమారయ్యాయి. విశాఖలో ఆ తుపాను చూసినవాళ్ళు ఎవరూ ఈ తప్పును గమనించకుండా దాటిపోరు. దీపావళికి ముందు, చెట్లన్నీ కూలి, కరెంటు లేక చీకట్లో గడిపిన రోజులవి. విజయనగరం జనవరి 6న ఏర్పడిందని వచ్చినా తప్పు అదే. శ్రీకాకుళం తేదీ అలా తిరగబడదు, ఎందుకంటే పదిహేనో నెల లేదు. వరస తప్పితే అది అక్షరాలుగా మిగిలిపోతుంది, లేదా ఖాళీ అవుతుంది. వరస సరిగా ఉండి కూడా 2050 అని వస్తే తప్పు రెండంకెల సంవత్సరంలో ఉంది.

ఇక 04/04/2022. ఎటు తిప్పినా ఇది ఏప్రిల్ 4వ తేదీయే. అలాంటప్పుడు ఎందుకు పెట్టడం అని మా జూనియర్ అమ్మాయి అడిగింది. రెండు కారణాలు. ఒకటి, ఇలాంటి ఒక వరస చూసి "బాగానే ఉందండీ" అనేసి ముందుకు వెళ్ళడం చాలా మామూలు. ఈ తేదీ ఒక్కటే సరిగా ఉంటే మనకు ఏమీ తెలిసినట్టు కాదని అది పక్కనే ఉండి గుర్తుచేస్తుంది. రెండు, ఇది కూడా 03-04-2022 అయి వస్తే, తప్పు రోజూ నెలా వరసలో లేదని వెంటనే తేలుతుంది. అది టైమ్ జోన్ వ్యవహారం. దాని గురించి కింద రాస్తాను.

మ్యాచింగ్ నడిపే ముందు ఈ నాలుగు వరసలనూ తీసేయడం మరిచిపోకండి.

కుడివైపు ఉన్నవాటినే అనుమానించండి

ఫైల్ మీ చేతికి వచ్చేసరికే ఎవరో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసి ఉంటే పరిస్థితి ఇది. తేదీ కాలమ్‌ను కాస్త వెడల్పు చేయండి. అలైన్‌మెంట్ ఎవరూ మార్చకపోతే కొన్ని సెల్స్‌లో తేదీ కుడి పక్కకు, కొన్నింటిలో ఎడమ పక్కకు అంటుకుని ఉంటుంది. కుడివైపువి ఎక్సెల్ తేదీగా ఒప్పుకున్నవి, అంటే లోపల అంకెలు. ఎడమవైపువి తేదీగా అర్థంకాక అక్షరాలుగా వదిలేసినవి. అనుమానం ఉంటే పక్క కాలమ్‌లో ఈజ్‌నంబర్ ఫార్ములా పెట్టండి, ట్రూ లేదా ఫాల్స్ అని చెబుతుంది.

చూడగానే ఎవరికైనా ఎడమవైపువి పాడయ్యాయనిపిస్తుంది. వాటిని కూర్చుని సరిచేస్తారు. కుడివైపువి చక్కగా తేదీల్లాగే ఉన్నాయి కదా అని వదిలేస్తారు. నిజం దీనికి తలకిందులు. మన పద్ధతిలో రాసిన ఫైల్ అమెరికా రీజియన్ ఉన్న మెషీన్‌లో తెరుచుకుంది అనుకోండి. 25/03/1951 చూసి ఎక్సెల్ ఇరవై అయిదో నెల లేదని ఊరుకుంటుంది. ఆ సెల్ ఎడమవైపు, ఏ మార్పూ లేకుండా, క్షేమంగా ఉంటుంది. 07/03/1951 చూస్తే ఏడో నెల, మూడో రోజు అని చదివి జూలై 3 చేసి కుడివైపు పెడుతుంది. పాడయినవి కుడివైపువే. మా పెద్దావిడ రికార్డు పాడయింది సరిగ్గా ఇక్కడే.

ఎన్ని పాడవుతాయో కూడా లెక్క ఉంది. ఏడాదిలో రోజు అంకె 12 లోపు ఉన్న తేదీలు నెలకు పన్నెండు చొప్పున 144. అందులో 01-01, 02-02 లాంటి పన్నెండూ తిరగబడినా మారవు. మిగిలిన 132 చప్పుడు లేకుండా వేరే తేదీలవుతాయి. 365లో 132 అంటే మూడో వంతు కన్నా ఎక్కువ. మ్యాచింగ్‌లో దాదాపు మూడో వంతు మంది కలవకుండా పోతున్నారంటే, ఇంకేమీ వెతక్కుండా ముందు ఇది చూడండి.

ఇంకో పరీక్ష: తేదీలోంచి రోజు అంకెను విడిగా తీసి, ఏ రోజున ఎంతమంది పుట్టారో లెక్కపెట్టండి. కుడివైపు సెల్స్‌లో అందరూ 1 నుంచి 12 లోపే పుట్టి, 13 తర్వాత ఒక్కరూ లేకపోతే ఇక సందేహమే లేదు.

సరిచేయడానికి మంచి దారి అసలు ఫైల్ మళ్ళీ తెప్పించుకోవడం. అది లేదంటే, ఎడమవైపు వాటికి "టెక్స్ట్ టు కాలమ్స్" మూడో స్టెప్పులో డేట్ దగ్గర డే, మంత్, ఇయర్ వరస ఎంచుకోండి. కుడివైపు వాటికి పక్క కాలమ్‌లో డేట్ ఫార్ములా వేసి, సంవత్సరం స్థానంలో ఇయర్, నెల స్థానంలో డే, రోజు స్థానంలో మంత్ పెట్టండి. తిరగబడింది మళ్ళీ తిరిగి సరవుతుంది. ఈజ్‌నంబర్ ట్రూ అన్న వరసలను ముందే వేరే షీట్‌లోకి ఫిల్టర్ చేసి తీసుకుని అక్కడ ఈ పని చేయండి. ఎడమవైపు వాటిని ముందు సరిచేసేస్తే అవి కూడా కుడివైపుకు చేరిపోతాయి. అప్పుడు ఏవి మంచివో ఏవి చెడ్డవో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ వరస తప్పి ఒకసారి నాలుగు వేల రికార్డులు మళ్ళీ మొదటి నుంచి చేశాం.

తేడా ఎన్ని రోజులు?

పేరు, ఫోన్ నంబరు కలిసి, పుట్టిన తేదీ మాత్రం కలవని జంటలన్నిటినీ ఒకచోట చేర్చండి. రెండు తేదీల మధ్య తేడా రోజుల్లో లెక్కకట్టండి. తేడా అంకెను బట్టి జబ్బు ఏమిటో చాలావరకు తెలిసిపోతుంది.

అందరికీ 1462 రోజులు తేడా ఉంటే ఎక్సెల్ రెండు క్యాలెండర్లు కలిసిపోయాయి. ఎక్సెల్ తేదీని లోపల ఒక అంకెగా దాచుకుంటుంది. 1900 జనవరి 1ని 1 అనుకుని లెక్కపెడుతుంది. 1951 మార్చి 7 దానికి 18694. పాత మాక్ కంప్యూటర్లలో చేసిన ఫైళ్ళు 1904 నుంచి లెక్కపెడతాయి. ఒకదాన్నుంచి ఇంకొకదానికి కాపీ పేస్ట్ చేస్తే తేదీ నాలుగేళ్ళ ఒక్క రోజు జరుగుతుంది. 07-03-1951 కాస్తా 06-03-1947 అవుతుంది. సరిచేయడానికి 1462 కలిపితే చాలు, కానీ ఏ ఫైల్‌కు కలపాలో చూసుకోండి.

36525 రోజులు, అంటే సరిగ్గా వందేళ్ళు తేడా వస్తే రెండంకెల సంవత్సరం. 50 అని రాస్తే ఎక్సెల్ మామూలుగా 1950 అనుకుంటుంది. దానికి 30 నుంచి 99 వరకు పంతొమ్మిది వందలు, 00 నుంచి 29 వరకు రెండు వేలు. పైథాన్‌లో రెండంకెల సంవత్సరం చదివించే స్ట్రిప్‌టైమ్‌కు 69 నుంచి 99 వరకే పంతొమ్మిది వందలు. 68 దాకా రెండు వేలే. కాబట్టి ఒకే కాగితం చూసి ఒకరు ఎక్సెల్‌లో, ఒకరు పైథాన్‌లో చదివిస్తే 1930, 1968 మధ్య పుట్టినవాళ్ళంతా ఒక చోట పెద్దవాళ్ళు, ఇంకో చోట ఇంకా పుట్టనివాళ్ళు. కంటి క్యాంపుకు వచ్చేది ఎక్కువగా ఆ వయసువాళ్ళే. పుట్టిన తేదీ ఈ రోజు కన్నా ముందుకు ఉంటే వందేళ్ళు తగ్గించమని ఒక నియమం పెట్టుకోండి. అయితే పాత మనిషిని పసిపిల్లగా మార్చే తప్పు దానికి దొరకదు. 1922లో పుట్టినావిడ 22 అని రాస్తే 2022 అవుతుంది, అది ముందుకు లేదు కదా. ఆ చోట వయసు కాలమ్ పక్కన పెట్టి చూడాల్సిందే.

ఒక్క రోజు తేడా వస్తే టైమ్ జోన్. వెబ్ ఫారంలో మార్చి 7 అని ఎంచుకుంటారు. ఫారం దాన్ని మన టైమ్‌లో అర్ధరాత్రి పన్నెండు అనుకుంటుంది. సర్వర్‌కు పంపేటప్పుడు యూటీసీకి, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికమైన టైమ్‌కు, మారుస్తుంది. మనం అయిదున్నర గంటలు ముందున్నాం కాబట్టి అది మార్చి 6 సాయంత్రం ఆరున్నర అవుతుంది. తర్వాత ఎవరో టైమ్ కత్తిరించి తేదీ మాత్రం ఉంచుకుంటారు. ఒక రోజు పోయింది. పుట్టిన తేదీకి టైమ్ అవసరం లేదు. వీలైతే ఫారం దగ్గరే దాన్ని తేదీ మాత్రంగా పంపమని చెప్పించండి.

అయిదున్నర గంటలు కలిపి సరిచేశాక కూడా కొద్దిమందికి ఒక రోజు తేడా మిగిలిపోవచ్చు. వాళ్ళ పుట్టిన తేదీలు చూడండి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు మధ్య వరకు, మన దేశంలో గడియారాలు ఒక గంట ముందుకు జరిపారు. అప్పట్లో మనకూ యూటీసీకీ తేడా ఆరున్నర గంటలు. టైమ్ జోన్ల చరిత్ర తెలిసిన సాఫ్ట్‌వేర్ ఆ కాలం తేదీల నుంచి ఆరున్నర తీస్తుంది. మనం అయిదున్నరే కలిపితే ముందు రోజు రాత్రి పదకొండు దగ్గర ఆగిపోతాం. ఎనభై దాటినవాళ్ళకు మాత్రమే ఒక రోజు తేడా ఎందుకు వస్తోందో అర్థంకాక నేను ఒక ఆదివారమంతా దాని మీదే కూర్చున్నాను. మీకు ఆ ఆదివారం మిగలాలి.

తేడా ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండి, రోజూ నెలా మార్చి చూస్తే సరిపోతే, అది పైన చెప్పిన తారుమారే. మా పెద్దావిడకు తేడా 118 రోజులు. అంకెగా 118కి ఏ అర్థమూ లేదు, ఏడునూ మూడునూ మార్చి చూస్తేనే తెలిసింది.

చూడ్డానికి ఒకటే, కానీ కలవవు

రెండు సెల్స్‌లోనూ 07-03-1951 అనే ఉంటుంది, అయినా మ్యాచ్ కాదు. అప్పుడు ఒక సెల్‌ను జనరల్ ఫార్మాట్‌కు మార్చి చూడండి. 18694 బదులు 18694.4 అని ఉంటే తేదీ వెనక టైమ్ దాక్కుని ఉంది. ఇంట్ ఫార్ములాతో పాయింట్ తర్వాతది కోసేయండి. అంకెగా మారకపోతే అది అక్షరాలు. లెన్ ఫార్ములాతో పొడవు చూడండి. పది రావాల్సింది పదకొండు వస్తే ఎక్కడో ఖాళీ ఉంది. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన ఖాళీ ట్రిమ్‌కు లొంగదు. దాని కోడ్ 160. సబ్‌స్టిట్యూట్‌లో క్యార్ 160 ఇచ్చి తీసేయాలి. సున్నా బదులు ఇంగ్లిష్ ఓ కొట్టినవి, తెలుగు కీబోర్డులో ఉండిపోయి అనుస్వారం కొట్టినవి కూడా నేను చూశాను. స్క్రీన్ మీద ఆ గుండ్రాలన్నీ ఒకలాగే కనిపిస్తాయి.

ఓపెన్‌రిఫైన్‌లో అక్షరాలను తేదీగా మార్చే టు డేట్‌కు ఫార్మాట్ ఇచ్చేటప్పుడు నెలకు పెద్ద ఎమ్, నిమిషాలకు చిన్న ఎమ్. పైథాన్‌లో దీనికి సరిగ్గా రివర్స్. ఒకటి అలవాటై రెండోదానిలో రాస్తే నెలను నిమిషాలుగా చదివేసి, నెల ఇవ్వలేదు కాబట్టి జనవరి వేసేస్తుంది. ఊరంతా జనవరిలోనే పుట్టినట్టు కనిపిస్తే ఆ ఎమ్ ఒకసారి చూడండి.

పైథాన్‌లో పట్టికల పని చేసే పాండాస్ వాడేవాళ్ళకు ఒక్క మాట. తేదీ ఫార్మాట్ ఎప్పుడూ మీరే రాసి ఇవ్వండి. ఇవ్వకపోతే 07/03/1951ని అది జూలై 3గా చదువుతుంది. రోజే ముందు అని చెప్పే డే ఫస్ట్ ట్రూ పెట్టినా అది కచ్చితమైన ఆజ్ఞ కాదు. 2023లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి మొదటి విలువను చూసి ఫార్మాట్ ఊహించి, మిగతావాటినీ అలాగే చదువుతుంది. కుదరనివాటికి ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ మంచిది. దాన్ని చూసి విసిగి, ఎర్రర్ బదులు ఖాళీ పెట్టమనే ఎర్రర్స్ కోయర్స్ పెట్టేస్తే, కుదరని తేదీలన్నీ మాటామంతీ లేకుండా ఖాళీ అయిపోతాయి. పెట్టక తప్పకపోతే ముందు ఎన్ని ఖాళీలున్నాయి, తర్వాత ఎన్నయ్యాయి అని రెండుసార్లూ లెక్కపెట్టి రాసుకోండి.

ఎవరూ పుట్టని రోజులు

పాత ఆధార్ కార్డుల్లో కొందరికి పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది. ఎంట్రీ చేసే సాఫ్ట్‌వేర్ మాత్రం పూర్తి తేదీ ఇవ్వందే ముందుకు కదలదు. ఎంట్రీ చేసేవాళ్ళు జనవరి 1 వేసి దాటేస్తారు. వాళ్ళ తప్పు కాదు, ఎదురుగా క్యూ ఉంటుంది. ఫలితంగా మన లిస్టుల్లో జనవరి 1న పుట్టినవాళ్ళు గుట్టలు గుట్టలుగా ఉంటారు. ఇద్దరు లక్ష్ములు, ఇద్దరిదీ 01-01-1955. సాఫ్ట్‌వేర్ ఒకే మనిషి అనేస్తుంది. ఇది విడిపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే ఒకరి కంటి వివరాలు ఇంకొకరి పేరు మీదికి వెళ్తాయి. నేను జనవరి 1 ఉన్నవాటిలో రోజునూ నెలనూ ఖాళీ చేసి సంవత్సరం మాత్రమే వాడతాను. నిజంగా ఆ రోజే పుట్టినవాళ్ళకు కొంచెం నష్టమే, తెలుసు. అయినా అదే మేలు.

అలాగే 1905 ఏప్రిల్, మే నెలల్లో పుట్టినవాళ్ళు గుంపుగా కనిపిస్తే, అవి సంవత్సరం మాత్రమే కొట్టిన సెల్స్. తేదీ ఫార్మాట్ ఉన్న సెల్‌లో 1951 అని కొడితే ఎక్సెల్ దాన్ని 1951వ రోజు అనుకుని 1905 మే 4 చూపిస్తుంది. 1970 జనవరి 1, 1900 జనవరి మొదటి రోజులు కూడా అంతే, ఖాళీకి వేసిన వేషాలు. వాటిని ఖాళీ చేయండి.

మ్యాచింగ్ సెట్టింగ్స్ ముట్టుకునే ముందు

తేదీలు కలవకపోతే చాలామంది మొదట చేసే పని మ్యాచింగ్‌ను వదులు చేయడం. అక్షరాల తేడాను కొలిచే లెవెన్‌ష్టైన్ పెట్టి, రెండు అక్షరాల వరకు తేడా ఉన్నా ఫరవాలేదంటారు. నేను దీనికి ఒప్పుకోను. 07-03-1951కీ 03-07-1951కీ రెండు అక్షరాలు తేడా, ఇది ఒకే మనిషి. 07-03-1951కీ 07-03-1961కీ ఒక్క అక్షరమే తేడా, కానీ పదేళ్ళ చిన్న ఇంకో మనిషి. ఈ కొలతకు పరాయి మనిషే దగ్గర. తేదీని రోజు, నెల, సంవత్సరంగా విడగొట్టి వేరువేరుగా పోల్చమనండి.

1969లో ఇవాన్ ఫెలెగీ, అలన్ సంటర్ అనే గణాంక నిపుణులు రాసిన పద్ధతి మీదే ఇప్పటి మ్యాచింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు నడుస్తాయి. బ్రిటన్ న్యాయశాఖవాళ్ళు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన స్ప్లింక్ కూడా అంతే. ఒక్కో కాలమ్ కలిస్తే ఇంత బరువు, కలవకపోతే ఇంత తగ్గింపు అని డేటా చూసి నేర్చుకుంటుంది. తేదీల్లో మూడో వంతు తిరగబడి ఉంటే, ఒకే మనిషికి కూడా పుట్టిన తేదీ తరచుగా కలవదని అది నేర్చుకుంటుంది. అప్పుడు తేదీలు బాగున్న రికార్డుల్లో కూడా తేదీకి విలువ పడిపోతుంది. అందుకే ముందు శుభ్రం చేయాలి, తర్వాతే సాఫ్ట్‌వేర్‌కు నేర్పాలి. శుభ్రం చేశాక కూడా చేతిరాతలో తారుమారైనవి కొన్ని మిగులుతాయి. వాటి కోసం రోజు, నెల మారితే సగం బరువు ఇవ్వమని ఒక మెట్టు అదనంగా పెట్టుకోవచ్చు. ఖాళీ తేదీని మాత్రం కలవని తేదీగా లెక్కపెట్టకుండా చూడండి. తెలియకపోవడం వేరు, తేడా ఉండటం వేరు.

అన్ని లిస్టుల్లోనూ చివరికి తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో, నాలుగు రెండు రెండు అంకెల్లో ఉంచండి. 1951-03-07. తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 చెప్పేదీ అదే. పక్కనే రెండు కాలమ్‌లు నేను తప్పకుండా ఉంచుతాను. ఒకదాంట్లో ఫైల్‌లో మొదట వచ్చిన తేదీ అక్షరం మారకుండా, రెండోదాంట్లో అది ఎవరి ఫైల్, ఏ వరసలో చదివాం అన్నది.

మనిషినే అడగండి

ఇన్ని చేసినా కొన్ని జంటలు తేలవు. మా పెద్దావిడ రికార్డులో కార్డు జిరాక్స్ కూడా లేదు. ఆవిడ ఎదురుగా ఉంది కాబట్టి అడిగాను, "మీరు పుట్టింది ఎప్పుడో ఇంట్లో ఏమైనా చెప్పేవారా అమ్మా?" అని. కాసేపు ఆలోచించి, "శివరాత్రి ఎల్లిన మర్నాడని మాయమ్మ సెప్పేది" అంది. శివరాత్రి జూలైలో రాదు. మార్చి 7 సరైనది, జూలై 3 తప్పు. ఆ ఒక్క మాటతో రెండో ఫైల్ మొత్తం ఏ వరసలో పాడయిందో తేలింది, ఆ ఫైల్‌లో ఉన్న మిగతావాళ్ళ తేదీలన్నీ ఆ సాయంత్రమే సరిచేశాం.

అందరినీ ఇలా ఎదురుగా కూర్చోబెట్టి అడగలేం. కానీ ఫోన్ చేసేటప్పుడు "మీ పుట్టిన తేదీ ఏడు మూడేనా?" అనకండి, దానికి ఎవరైనా అవుననే అంటారు. "మీరు పుట్టింది ఏ నెలలో?" అని అడిగి, వాళ్ళు చెప్పిన నెల పేరు అక్షరాల్లో రాసుకోండి. ఇప్పుడు మేం పెందుర్తి వైపు క్యాంపులకు ఇచ్చే ఫారంలో నెల దగ్గర అంకెల గడులు తీసేశాం. పన్నెండు నెలల పేర్లూ తెలుగులో అచ్చువేసి ఉంటాయి, ఒకదాని చుట్టూ సున్నా చుట్టాలి. పండగ పేరు చెప్పేవాళ్ళ కోసం దాని కింద ఒక ఖాళీ గీత కూడా ఉంచాం.